హింగారు జొన్న: ఎండాకాలం మేతకు మన జిల్లా చేతిలో ఉన్న ఆధారం

హైదరాబాద్ పాడి గేదెల యజమానులు చొప్ప కొనే బజారులో ‘రాయచూరు’ అంటే ఊరి పేరు మాత్రమే కాదు, ఒక రకం చొప్ప పేరు కూడా. 2004-05లో పటాన్‌చెరు ఇక్రిశాట్, అంతర్జాతీయ పశు పరిశోధన సంస్థలకు చెందిన పరిశోధకులు ఆ బజారు ధరలను నెలనెలా నమోదు చేశారు. వ్యాపారులు చొప్పను రకాలుగా విడదీసి, ఒక్కో రకానికి ఒక్కో ధర చెప్పేవారు. వాటిలో రాయచూరు చొప్పది పై వరుస ధర. ఆ చొప్పలను ప్రయోగశాలలో పరీక్షించి చూస్తే, జీర్ణమయ్యే భాగం తక్కువ రకంలో నూటికి 47 పాళ్ళు, మేలు రకంలో 52 పాళ్ళు ఉంది. కేవలం ఐదు పాళ్ళ తేడా. ధరలో మాత్రం సుమారు పాతిక శాతం తేడా. శాస్త్రం చదవని గేదెల యజమాని కంటితో చూసి, చేత్తో విరిచి చూసి ఇచ్చిన ధర, ప్రయోగశాల లెక్క రెండూ ఒకటే మాట చెప్పాయి.

అంత పేరున్న చొప్ప పండే జిల్లాలో ఉండి, మనలో చాలామంది ఇళ్ళలో ఏప్రిల్ నెల వచ్చేసరికి పశువుల ముందు వరిగడ్డి తప్ప మరొకటి ఉండడం లేదు. సంఘం కార్యాలయానికి వచ్చేవాళ్ళు పింఛను కాగితాల తరువాత ఎక్కువగా మాట్లాడేది మేత గురించే. గేదెను అమ్ముదామా, ఉంచుకుందామా అన్న మాట ప్రతి ఎండాకాలం వినపడుతుంది. అందుకే హింగారు జొన్న గురించి, అంటే చలికాలంలో వేసే తెల్లజొన్న గురించి, తెలిసినంతవరకు ఒకచోట రాసి పెడుతున్నాను. నేను వ్యవసాయ శాస్త్రవేత్తను కాను. ఉద్యోగమంతా లెక్కల పుస్తకాల ముందు గడిపినవాణ్ణి. కాబట్టి ఇందులో లెక్క కొంచెం ఎక్కువే ఉంటుంది, పాఠకులు ఓపిక పట్టాలి.

మనం రెండు తరహాల వాళ్ళం

రాయచూరు జిల్లాలో తెలుగు ఇళ్ళు రెండు దారుల్లో వచ్చినవి. నిజాం కాలం నుంచీ ఇక్కడే ఉన్న కుటుంబాలు మొదటి తరహా. 1956 నవంబరు 1న జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసేదాకా ఇది హైదరాబాద్ రాష్ట్రమే కదా. వీళ్ళకు నల్లరేగడి, జొన్న రొట్టె, చొప్ప వామి కొత్త కాదు. తుంగభద్ర ఎడమ కాలువ వచ్చాక కోస్తా జిల్లాల నుంచి వచ్చి సింధనూరు, మాన్వి తాలూకాల్లో క్యాంపులు కట్టుకున్నవాళ్ళు రెండో తరహా. వీళ్ళది వరి సేద్యం. కాలువలో నీళ్ళుంటే ఏడాదికి రెండు పంటలు.

ఈ మధ్య కాలంలో ఇద్దరికీ ఒకే ఇబ్బంది వచ్చింది. మెట్టపొలం వాళ్ళు జొన్న తగ్గించి పత్తి, కంది, శనగ వైపు మళ్ళారు. అవి డబ్బు తెస్తాయి గానీ, జొన్నలాగా వామి నింపవు. కాలువ కింద వాళ్ళకు రెండో పంట నీళ్ళ మీద నమ్మకం తగ్గింది. 2023లో కర్ణాటకలోని 236 తాలూకాల్లో 223 తాలూకాలను కరువు కింద ప్రకటించారు. మరుసటి ఏడు నిండుగా వానలు పడితే, 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ నంబరు గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. వాన లేక ఒక ఏడు, గేటు లేక ఒక ఏడు. పశువుకు మాత్రం ప్రతి ఏడూ కడుపు ఒక్కటే.

చలికాలపు పైరే ఎందుకు

పశువుల మేత కోసం చలికాలంలో తృణధాన్యపు పైరు వేయడం ప్రపంచమంతటా ఉన్న పద్ధతే. కెనడా మైదానాల్లోనూ, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లోనూ శీతాకాలం మొదలయ్యే ముందే రై అనే ధాన్యాన్ని విత్తుతారు. గోధుమనూ రైనీ సంకరం చేసి పుట్టించిన ట్రిటికేల్‌ను కూడా ఇలాగే వేస్తారు. మొలిచిన పైరు మంచు కింద పడుకుని ఉండి, వసంతం రాగానే మిగతా గడ్డి కన్నా ముందు లేచి పశువుకు మేత అవుతుంది. పంజాబు, హర్యానా, ఉత్తరప్రదేశ్‌లలో చలికాలంలో ఓట్స్‌ను పచ్చిమేతకు పెంచుతారు. రాజస్థాన్‌లో బార్లీని ఒకసారి మేతకు కోసి, తిరిగి పెరగనిచ్చి గింజ కూడా తీసుకునే వాళ్ళున్నారు.

వాళ్ళ ఇబ్బంది మంచు. మన ఇబ్బంది నీళ్ళు లేకపోవడం. జిల్లాలో ఏడాది వాన సుమారు 600 మిల్లీమీటర్లు, అందులో ఎక్కువ భాగం అక్టోబరుకే అయిపోతుంది. ఆ తరువాత జూన్ దాకా మబ్బు మీద ఆశ పెట్టుకోలేం. కానీ నల్లరేగడికి ఒక గుణం ఉంది. మీటరు లోతున్న మంచి రేగడి, పైరు పీల్చుకోగలిగిన నీటిని 150 నుంచి 200 మిల్లీమీటర్ల దాకా తనలో పట్టి ఉంచుతుంది. వాన వెళ్ళిపోయాక ఆ పదును మీదే పెరిగే పైరు హింగారు జొన్న. పైన పొర ఎండుతుంటే దాని వేళ్ళు తడిని వెతుక్కుంటూ కిందికి దిగుతాయి.

ఇంకో సంగతి. ఈ జొన్న పగటి పొద్దు తగ్గడాన్ని గుర్తించి పూతకు వచ్చే జాతి. చల్లని రాత్రులను కూడా తట్టుకుంటుంది. గింజ గట్టిపడే సమయానికి వాన ఉండదు కాబట్టి గింజ ముత్యంలా తెల్లగా ఉంటుంది, చొప్ప కూడా బూజు పట్టకుండా మెరుస్తూ ఉంటుంది. ముంగారులో వేసిన జొన్న కోతకు వచ్చినప్పుడు వాన తగిలితే గింజ నల్లబడుతుంది, చొప్ప రంగు మారి పశువు ముట్టదు. రాయచూరు చొప్పకు హైదరాబాద్‌లో పేరు రావడం వెనక ఈ పొడి గాలుల పుణ్యం కొంత ఉందనుకోవచ్చు.

ఏ విత్తనం, ఎప్పుడు, ఎలా

మన వైపు ఎక్కువగా వినపడే పేరు మాల్‌దండి. షోలాపూర్ జిల్లా మోహోల్‌లో స్థానిక మాల్‌దండి జొన్న నుంచి 1930లలో ఏరి తీసిన ఎం 35-1 అనే రకం ఇప్పటికీ రైతుల చేతిలో ఉంది. దాదాపు తొంభై ఏళ్ళుగా ఒక రకం నిలబడిందంటే రొట్టె రుచి, చొప్ప నాణ్యత రెండూ కారణాలే. విజయపుర పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన బీజేవీ-44 కూడా రబీకి తగిన రకం. పొట్టి హైబ్రిడ్ రకాలు గింజ కోసం వేసుకోవచ్చు గానీ, వామి నిండాలంటే పొడుగు రకమే కావాలి.

విత్తే సమయం సెప్టెంబరు రెండో పక్షం నుంచి అక్టోబరు మొదటి పక్షం దాకా. ఆ తరువాత ఆలస్యమైన కొద్దీ పూత సమయానికి నేలలో తడి మిగలదు. గింజకూ చొప్పకూ కలిపి వేసేటప్పుడు ఎకరాకు 3 కిలోల విత్తనం, సాలుకూ సాలుకూ మధ్య 45 సెంటీమీటర్లు, మొక్కకూ మొక్కకూ మధ్య 15 సెంటీమీటర్లు. పచ్చిమేత కోసమే అయితే సాళ్ళు 30 సెంటీమీటర్లకు దగ్గర చేసి, విత్తనం ఎకరాకు 12 నుంచి 16 కిలోల దాకా వేస్తారు. అప్పుడు కాండం సన్నగా వచ్చి పశువు వదలకుండా తింటుంది. అయితే ఇంత ఒత్తుగా వేయడం నీళ్ళు పెట్టగలిగిన చోటే. వాన తడి మీద మాత్రమే ఉన్న పొలంలో ఒత్తుగా వేస్తే మొక్కలన్నీ కలిసి నేల తడిని డిసెంబరుకే తాగేస్తాయి.

మొలిచిన కొత్తలో మొవ్వు ఈగ కొడితే నడిమి ఆకు ఎండి చస్తుంది. దానికి మందు పట్టించిన విత్తనం వాడడం మంచిది. మందు పట్టించిన గింజ మిగిలితే కోళ్ళకూ పశువులకూ వేయకూడదు, ఇంట్లో తిండిగింజల దగ్గర పెట్టకూడదు.

ఆ తరువాత ముఖ్యమైన పని అంతరసేద్యం. మన పెద్దలు గుంటక తోలేది కలుపు కోసమే కాదు. రేగడి ఎండుతూ పగుళ్ళు తీస్తుంది, ఆ పగుళ్ళలోంచి లోపలి తడి ఆవిరై పోతుంది. మూడో వారం, ఐదో వారం, ఎనిమిదో వారం ఎడ్ల గుంటక తోలితే పగుళ్ళు పూడి, పైన పొడి మన్ను ఒక దుప్పటిలా పరుచుకుంటుంది. కెనడాలో పైరును మంచు కాపాడితే ఇక్కడ దుమ్ము కాపాడుతుంది.

పూత తరువాత నేల బాగా ఎండితే బొగ్గుకుళ్ళు తెగులు వస్తుంది. కాండం అడుగున లోపల నల్లగా పొడిబారి, మొక్క పడిపోతుంది. పడిన చొప్ప మేతకు పనికిరాదు. ఒత్తుగా వేయకపోవడం, యూరియా అతిగా చల్లకపోవడం దీనికి ముందు జాగ్రత్తలు. బావి గానీ కుంట గానీ ఉంటే పొట్ట దశలో ఒక్క తడి ఇచ్చినా పైరు నిలబడుతుంది.

కాలువ కింద వాళ్ళకు ఒక మాట

వరి కోసిన పొలంలో నీళ్ళు అందవని తెలిసినప్పుడు బీడు పెట్టక తప్పదని అనుకోనక్కరలేదు. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో వరి కోసిన మాగాణిలో దున్నకుండానే జొన్న, మొక్కజొన్న వేసే పద్ధతి బాగా పాకింది. క్యాంపుల్లో ఉన్న మనవాళ్ళ బంధువుల్లో ఈ పని తెలిసినవాళ్ళు ఉండే ఉంటారు, ఫోను చేసి అడగవచ్చు. వరి పైరు మొత్తానికి 1200 మిల్లీమీటర్ల నీళ్ళు తాగితే, జొన్నకు 400 నుంచి 500 చాలు. అయితే ఒక హెచ్చరిక. డిసెంబరులో వేసే ఈ జొన్నకు రెండు మూడు తడులైనా ఇవ్వగలగాలి. ఏ ఆధారమూ లేకుండా అప్పుడు విత్తితే విత్తనం ఖర్చు కూడా రాదు.

నీటి వసతి ఉన్నవాళ్ళు ఆఫ్రికన్ టాల్ మొక్కజొన్నను అలసందతో కలిపి వేసి 60 రోజుల ప్రాంతంలో పచ్చిమేత కోసుకోవచ్చు. ఓట్స్ వేద్దామా అని కొందరు అడుగుతారు. అది బాగా చలి కోరే పైరు. మన దగ్గర నవంబరులో వేసి, నీళ్ళు పెడుతూ, ఫిబ్రవరి ఎండ ముదిరేలోపు కోసుకోవాలి. రెండు మూడు గుంటల్లో చేసి చూడవచ్చు గానీ, దాని మీదే ఆధారపడి పశువుల సంఖ్య పెంచుకోవద్దు.

నాము: ఇది మాత్రం మరిచిపోవద్దు

లేత జొన్న పశువును చంపుతుంది. దీన్నే మన పెద్దలు నాము తగలడం అంటారు. లేత జొన్న ఆకులో ధురిన్ అనే పదార్థం ఉంటుంది. పశువు నమిలినప్పుడు అది విడిపోయి సయనైడ్ విషం పుడుతుంది. నెల, నెలన్నర లోపు పైరులోనూ, నీళ్ళు లేక వాడిన పైరులోనూ, కోసిన తరువాత కొయ్యకాళ్ళ నుంచి వచ్చే పిలకల్లోనూ ఇది ఎక్కువ. కోత అయ్యాక ఒక అకాల వాన పడి పొలం పచ్చబడితే, చూడముచ్చటగా ఉందని గొర్రెల మందను తోలేవాళ్ళున్నారు. ప్రమాదమంతా అక్కడే ఉంది.

నాము తగిలిన పశువు ఆయాసపడుతుంది, నోట చొంగ కారుస్తుంది, తూలుతుంది, చిగుళ్ళు ఎర్రగా కనపడతాయి. నిమిషాల్లో పడిపోవచ్చు. నాటు వైద్యం చేస్తూ కూర్చునే సమయం ఉండదు. వెంటనే పశు వైద్యుడికి కబురు చేయాలి, లేదా 1962కు ఫోను చేయాలి. సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ ఇంజెక్షన్లు వేళకు పడితే పశువు బతుకుతుంది.

నివారణ సులువే. పచ్చిగా మేపాలంటే సగం పైరు పూతకు వచ్చేదాకా ఆగాలి. వాడిపోయిన పైరైతే ఒక తడి ఇచ్చి కొన్ని రోజులు ఆగాలి. ఆకలితో ఉన్న పశువును నేరుగా జొన్న చేలోకి వదలకూడదు. బాగా ఎండబెట్టిన చొప్పలో ఈ విషం చాలావరకు ఆవిరైపోతుంది కాబట్టి వామిలోని చొప్పకు ఈ భయం లేదు.

కోత, వామి, లెక్క

గింజ అడుగున నల్లచుక్క కనపడితే గింజ పక్వానికి వచ్చినట్టు. అప్పటికి పై ఆకులు ఇంకా కాస్త పచ్చగానే ఉంటాయి. ఆ సమయంలో కోస్తే గింజకు నష్టం ఉండదు, చొప్పలో సారం మిగులుతుంది. మొత్తం ఎండేదాకా వదిలేస్తే ఆకు రాలి, పశువుకు కట్టె మిగులుతుంది. కూలీలు దొరక్క యంత్రంతో కోయించేవాళ్ళు ఒకటి గమనించాలి. యంత్రం కంకిని తీసుకుని చొప్పను తొక్కి, విరిచి పారేస్తుంది. మిగిలిన కూలి డబ్బులు, పోయిన చొప్ప ధర రెండూ పక్కపక్కన రాసుకుని చూసి నిర్ణయించుకోండి.

ఇప్పుడు ఒక ఇంటి లెక్క. 400 కిలోల గేదెకు రోజుకు మొత్తం సుమారు 10 కిలోల ఎండు పదార్థం కావాలి. అందులో చొప్ప 6 కిలోలు అనుకుందాం. ఫిబ్రవరి నుంచి మే దాకా 120 రోజులకు 720 కిలోలు. రెండు గేదెలకు 1,440 కిలోలు, అంటే దాదాపు టన్నున్నర. వాన తడి మీద పెరిగే హింగారు జొన్న మోస్తరు ఏడులో ఎకరాకు ఒక టన్ను పైచిలుకు ఎండు చొప్ప ఇస్తుంది. కాబట్టి రెండు గేదెలున్న ఇంటికి ఎకరం నుంచి ఎకరంన్నర జొన్న ఉంటే నాలుగు నెలలు గడుస్తుంది. పది ఎకరాల శనగ రైతుకు ఎకరంన్నర పెద్ద భారం కాదు. పైగా రొట్టెలకు గింజలు ఇంట్లోనే ఉంటాయి.

చొప్పను నిలువుగా వేస్తే పశువు ఆకు తిని మొదళ్ళు వదిలేస్తుంది. మూడో వంతు దాకా కాళ్ళ కింద పోతుంది. ముక్కల యంత్రంతో కొట్టి వేస్తే ఆ మూడో వంతు కూడా కడుపులోకి వెళ్తుంది. నలుగురు కలిసి ఒక యంత్రం కొనుక్కున్నా లాభమే. వామిని రాళ్ళు పరిచిన ఎత్తు మీద, కరెంటు తీగలకు దూరంగా వేసుకోవాలి. మొదటి ముంగారు వాన రాకముందే పైన కప్పాలి.

చొప్ప ఒక్కటే పశువుకు పూర్తి తిండి కాదు. అందులో మాంసకృత్తులు నూటికి నాలుగు పాళ్ళ ప్రాంతమే. పశువు పొట్టలో గడ్డిని కరిగించే సూక్ష్మజీవులకు ఏడు పాళ్ళైనా కావాలి. మన జిల్లాలో దొరికే కంది పొట్టు, శనగ పొట్టు, వేరుశనగ చెక్క, సుబాబుల్ ఆకు ఈ లోటు తీరుస్తాయి. ఉప్పు, ఖనిజ మిశ్రమం కూడా ఇవ్వాలి. వరిగడ్డే గతి అయినవాళ్ళు 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను సుమారు 50 లీటర్ల నీళ్ళలో పూర్తిగా కరిగించి చల్లి, గాలి చొరకుండా 21 రోజులు మూసి ఉంచి, తీశాక కాసేపు ఆరబెట్టి వేయవచ్చు. ఆరు నెలల లోపు దూడలకు ఇది వద్దు. యూరియా నీళ్ళు పశువు తాగితే ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి, మొదటిసారి పశువైద్య సిబ్బంది దగ్గరుండి చేయించుకోండి.

కౌలుకు ఇచ్చినవాళ్ళకు, కన్నడ చదవలేని పెద్దలకు

పట్టణంలో ఉంటూ పొలం కౌలుకు ఇచ్చినవాళ్ళు ఒప్పంద కాగితంలో గింజ గురించి, డబ్బు గురించి రాసుకుంటారు, చొప్ప మాట మరిచిపోతారు. కోత రోజున తగువు వచ్చేది దాని దగ్గరే. ఎన్ని కట్టలు ఎవరివి, బండి బాడుగ ఎవరిది అన్నది ముందే ఒక వాక్యంలో రాసుకుంటే ఇరుగుపొరుగు స్నేహం చెడదు.

విత్తన సబ్సిడీ, సలహా కోసం హోబళి కేంద్రంలోని రైత సంపర్క కేంద్రానికి వెళ్ళాలి. రాయచూరులోనే వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, అక్కడి శాస్త్రజ్ఞులు అడిగితే చెబుతారు. కరపత్రాలన్నీ కన్నడంలో ఉంటాయి. కన్నడం మాట్లాడగలిగి చదవలేని మన పెద్దలు ఈ నాలుగు మాటలు గుర్తుంచుకుంటే చాలు. హింగారు అంటే యాసంగి, బిళి జోళ అంటే తెల్లజొన్న, బిత్తనె అంటే విత్తడం, మేవు అంటే మేత. కణికె అని వినపడితే అది మన చొప్పే. సంఘం కార్యాలయానికి కరపత్రం తెస్తే చదివి తెలుగులో చెప్పడానికి మేమున్నాం.

ఎళ్ళ అమావాస్య నాడు ఇక్కడి కన్నడ రైతులు సజ్జ రొట్టెలు కట్టుకుని, ఇంటిల్లిపాదీ జొన్న చేలోకి వెళ్ళి పైరుకు నైవేద్యం చల్లి వస్తారు. ఎన్నో ఏళ్ళుగా మనల్నీ పిలుస్తున్నారు, మనమూ వెళ్ళి తిని వస్తున్నాం. అలా పిలవడానికి చేలో జొన్న ఉండాలి కదా. ఏప్రిల్‌లో మేత లేదని తెలిసినప్పుడు చేయగలిగింది ఏమీ ఉండదు, డబ్బు పెట్టినా మంచి చొప్ప దొరకదు. నిర్ణయం తీసుకోవలసింది సెప్టెంబరు మొదటి వారంలో. ఇంట్లో పశువులు ఎన్ని, రోజుకు ఎన్ని కిలోలు, ఎన్ని ఎకరాలు అన్న మూడు అంకెలు ఒక కాగితం మీద వేసుకుని, విత్తనం పేరు దాని కింద రాసుకోండి.